తిరుపతి – బెంగళూరు: ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌తో దూరం పోయేటప్పుడు మైలేజ్ ఎట్ల రాబట్టాలి?

చంద్రగిరి_బాటసారి · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంట్లో ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే బ్యాటరీ, పెట్రోల్ ఇంజన్ రెండూ ఉన్న) ఎస్‌యూవీ తీసుకున్నాను. 2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ మోటారు. బ్యాటరీ ఖాళీ నుంచి ఫుల్ అవడానికి ఇంటి మీటర్ మీద 10 యూనిట్లు తిరుగుతాయి. ఊర్లో తిరిగితే ఒక్క చార్జ్ మీద 35 కిలోమీటర్లు వస్తుంది. ఆఫీసు, పిల్లల బడి, మార్కెట్టు అన్నీ అందులోనే అయిపోతాయి. కొన్ని వారాలు బంకు వైపే పోను.

బాధంతా బెంగళూరు పోయేటప్పుడే. అమ్మ మా అక్కావాళ్లింట్లో ఉంది, కేఆర్ పురం దాటాక. నెలకు రెండుసార్లు పోతాను. ఇంటి నుంచి ఇంటికి 240 కిలోమీటర్లు. నిన్న ట్యాంక్ ఫుల్ చేసి, రాత్రంతా చార్జ్ పెట్టి తెల్లవారి అయిదుకు బయల్దేరాను. పాకాల దగ్గరికి వచ్చేసరికే చార్జ్ అయిపోయింది. చిత్తూరు దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ ఒకటే మోత. బెంగళూరు శివార్లలోని హోస్కోటె నుంచి అక్కావాళ్లింటి దాకా ట్రాఫిక్‌లో ఇంజన్ మీదే పాకాను. అక్కడ మళ్లీ ఫుల్ చేయిస్తే 20 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 12.

రాత్రంతా ఎక్కించిన కరెంటు పోయింది, పెట్రోలూ పోయింది. ఇంత ఖరీదైన బండిని సరిగ్గా వాడటం నాకే తెలియలేదేమో అనిపిస్తోంది. ఇట్లాంటి బండి నడిపినవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.

కాణిపాకం_రోడ్ · ఆదివారం రాత్రి 10:05

అన్నా, మూడు విషయాలు చెప్పు. హైవేలో ఎంత స్పీడు? పైన క్యారియర్ ఉందా? టైర్లలో గాలి ఎప్పుడు చూపించావు?

చంద్రగిరి_బాటసారి · ఆదివారం రాత్రి 10:20

స్పీడు 105, ఖాళీ దొరికితే 110. క్యారియర్ ఉంది, పోయిన సంక్రాంతికి బిగించింది అట్లనే ఉంది. గాలి పోయిన నెల చూపించాను, మధ్యాహ్నం పూట.

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం ఉదయం 6:15

నాయనా, నేను ముప్పై ఏళ్లు ఇంజన్ల పాఠం చెప్పి రిటైర్ అయినవాణ్ణి. నీ ప్రశ్నకు కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

పెట్రోల్ ఇంజన్‌కి ఒక స్వభావం ఉంది. దానికి తగినంత బరువు పెట్టి, ఒకే వేగంలో నడిపిస్తే పెట్రోల్‌లోని శక్తిలో మూడో వంతు, మంచి ఇంజన్ అయితే ఇంకొంచెం ఎక్కువ, చక్రాలకు అందిస్తుంది. అదే ఇంజన్‌ని ట్రాఫిక్‌లో పాకిస్తే ఆ వాటా సగానికి పడిపోతుంది. తక్కువ పని చెప్పినా దాని లోపలి రాపిడి, గాలి పీల్చుకునే కష్టం తగ్గవు కాబట్టి. మోటారు అట్ల కాదు. గంటకు 10 కిలోమీటర్ల వేగంలోనూ, 60లోనూ దాదాపు ఒకే తీరున పనిచేస్తుంది. ఆగినప్పుడు ఏమీ తాగదు, బ్రేక్ వేస్తే కొంత వెనక్కి ఇస్తుంది.

దీన్నిబట్టి, నీ దగ్గరున్న పది యూనిట్లను ఇంజన్ బాగా పనిచేసే చోట ఖర్చు పెడితే నష్టం, ఇంజన్ చేతకాని చోట ఖర్చు పెడితే లాభం. నువ్వు చేసింది మొదటిది. తెల్లవారి అయిదు గంటలప్పుడు, నున్నటి చిత్తూరు హైవే మీద ఇంజన్ హాయిగా లాగే చోట బ్యాటరీ అవగొట్టేశావు. బ్యాటరీ కావలసిన కేఆర్ పురం దగ్గర ఇంజన్ పెట్టావు.

రూపాయల్లో చూద్దాం. పెట్రోల్ లీటరు 110 అనుకో. నీ బండి హైవేలో ఇంజన్ మీద 13 ఇస్తుంది, ట్రాఫిక్‌లో 9 ఇస్తుంది అనుకుందాం. ఒక చార్జ్‌ని హైవేలో వాడితే గాలి దెబ్బకు 30 కిలోమీటర్లే వస్తుంది. అంటే 2.3 లీటర్లు, సుమారు 250 రూపాయలు మిగిలినట్టు. అదే చార్జ్‌ని ట్రాఫిక్‌లో వాడితే 35 కిలోమీటర్లు వస్తుంది. అంటే 3.9 లీటర్లు, సుమారు 430 రూపాయలు. కరెంటు ఖర్చు రెండింటికీ ఒకటే. వాడే చోటు మారినందుకే 175 రూపాయలకు పైగా తేడా వచ్చింది చూడు.

నీ బండిలో హోల్డ్ అనో సేవ్ అనో ఒక బటన్ ఉంటుంది. తిరుపతి ఊరు దాటగానే అది నొక్కు. బ్యాటరీ ఎంత ఉందో అంతలోనే ఉంచి బండి మామూలు హైబ్రిడ్ లాగా, ఎక్కువగా ఇంజన్ మీద, మోటారు సాయంతో నడుస్తుంది. హోస్కోటె వచ్చాక తీసేయ్. అక్క ఇంటి గేటు ముందుకు వచ్చేసరికి బ్యాటరీ సున్నా కావాలి. ఎందుకంటే అక్కడ ప్లగ్ ఉంది. ప్లగ్ దగ్గరికి చార్జ్ మిగుల్చుకుని పోవడం కూడా ఒక రకంగా నష్టమే, ఆ మేరకు దారిలో పెట్రోల్ కాల్చినట్టు.

పలమనేరు_ట్రాన్స్‌పోర్ట్ · సోమవారం ఉదయం 7:30

సార్ చెప్పింది బాగుంది. ఆ దారిలో ఇరవై ఏళ్లుగా బండ్లు తిప్పుతున్నా కాబట్టి ఒక మాట. బెంగళూరుకు పోయే దారి అంతా ఎక్కుడే. చిత్తూరు నుంచి పలమనేరుకు వచ్చేసరికే మూడొందల మీటర్లకు పైన ఎక్కుతాం. అందులో సగం మొగిలి ఘాట్‌లోనే. బెంగళూరు చేరేసరికి సముద్ర మట్టానికి 900 మీటర్లు దాటుతాం. తిరుపతి 150-160 దగ్గర ఉంది. కాబట్టి పోయేటప్పుడు వచ్చే మైలేజ్‌నీ, తిరిగి వచ్చేటప్పటి మైలేజ్‌నీ ఒకదానితో ఒకటి పోల్చొద్దు. మా లారీలకు కూడా పోయేటప్పుడు డీజిల్ ఎక్కువ కొట్టిస్తాం.

ఇంకోటి, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొగిలి దగ్గర ఎన్ని ప్రమాదాలు చూశానో లెక్కలేదు. మైలేజ్ కోసం ఎవరూ ఆ పని చేయొద్దు.

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం ఉదయం 8:10

చాలా మంచి మాట గుర్తు చేశారు. 2300 కిలోల బండిని 750 మీటర్ల పైకి ఎత్తడానికే 4.7 యూనిట్ల శక్తి కావాలి. దాన్ని ఇంజన్‌తో ఎత్తితే సుమారు లీటరున్నర పెట్రోల్. అంటే నీ 20 లీటర్లలో లీటరున్నర ఎత్తుకే పోయింది, అది నీ తప్పు కాదు. వచ్చేటప్పుడు అందులో చాలా భాగం తిరిగి వస్తుంది.

న్యూట్రల్ సంగతి: ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో న్యూట్రల్ వేస్తే ప్రమాదం ఒక్కటే కాదు, నష్టం కూడా. చక్రాలు మోటారును తిప్పి కరెంటు పుట్టించే వీలే పోతుంది.

డాలస్_చిత్తూరోడు · సోమవారం మధ్యాహ్నం 12:50

మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. ఇక్కడ అమెరికాలో మూడేళ్లుగా టొయోటా రావ్4 ప్రైమ్ నడుపుతున్నా. 18.1 యూనిట్ల బ్యాటరీ, ఇక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం 42 మైళ్లు, అంటే 68 కిలోమీటర్ల దాకా కరెంటు మీదే పోతుంది.

సార్ చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నా. మొదట్లో నేనూ బటన్లు నొక్కుతూనే ఉండేవాణ్ణి. తర్వాత ఆటో మోడ్‌లో, అంటే ఇంజనా మోటారా అన్నది బండికే వదిలేశా. బ్యాటరీ అయిపోయిందని బండి చూపించినా నిజంగా అయిపోదు. అడుగున కొంత దాచుకుని, ట్రాఫిక్‌లో మామూలు హైబ్రిడ్ లాగా ఇంజన్ ఆపుతూ వేస్తూ పోతుంది. కాబట్టి ట్రాఫిక్‌లో నష్టం మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. ఎక్కడ హోల్డ్, ఎక్కడ ఈవీ (కరెంటు మీదే నడిచే మోడ్) అని ఆలోచిస్తూ నడిపితే రోడ్డు మీద దృష్టి తగ్గుతుంది. ఆ టెన్షన్ అవసరమా?

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం సాయంత్రం 5:30

నీ అభ్యంతరంలో న్యాయం ఉంది. అడుగున దాచుకునే కొద్ది చార్జ్ వల్లే నేను ట్రాఫిక్‌కి 9 లెక్క వేశాను, లేకపోతే ఇంకా తక్కువే వేసేవాణ్ణి. బండి చిన్నదైతే, మోటారు బలంగా ఉంటే తేడా ఇంకా తగ్గుతుంది. చంద్రగిరి బాబు బండి బరువైనది, పాతది.

అయితే ఆటోలో ఒక చిక్కు ఉంది. బండికి నువ్వు ఎంత దూరం పోతున్నావో తెలియకపోతే అది చాలా మటుకు ముందు బ్యాటరీనే అవగొడుతుంది. బజారుకు పోతున్నావా, బెంగళూరుకు పోతున్నావా దానికి తెలియదు కదా. కొన్ని కార్లలో నావిగేషన్‌లో గమ్యం పెడితే దారిలోని ఊళ్లు, ఎత్తుపల్లాలు చూసుకుని చార్జ్‌ని అదే పంచుకుంటుంది. ఆ సౌకర్యం ఉంటే బయల్దేరే ముందు గమ్యం పెట్టి, ఆటోలో వదిలేయడమే మేలు. లేకపోతే రెండుసార్లు బటన్ నొక్కితే చాలు. ఊరి బయట ఒకసారి, హోస్కోటె దగ్గర ఒకసారి. అది కూడా బండి ఆపుకుని నొక్కవచ్చు.

కాణిపాకం_రోడ్ · సోమవారం సాయంత్రం 6:00

సార్, హోల్డ్ పక్కనే చార్జ్ అని ఇంకో బటన్ ఉంటుంది కదా. నడుస్తూ నడుస్తూ ఇంజన్‌తోనే బ్యాటరీ నింపుతుంది. కోలార్ దగ్గర అది నొక్కితే హోస్కోటెకి ఫుల్ అవుతుంది కదా?

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం సాయంత్రం 6:25

అది మాత్రం వద్దు. ఇంజన్ తిప్పిన శక్తిని కరెంటుగా మార్చి, బ్యాటరీలో పోసి, మళ్లీ తీసి మోటారుకు ఇవ్వాలి. ప్రతి మెట్టు దగ్గర కొంత కారిపోతుంది. అంతా కలిపి నాలుగో వంతు దాకా పోవచ్చు. ఇంటి దగ్గర తక్కువ ధరకు దొరికే కరెంటుని దారిలో పెట్రోల్‌తో ఎక్కువ ధరకు తయారు చేసుకున్నట్టు. ఇంటి దగ్గర ఎక్కించింది దాచుకో, దారిలో తయారు చేయకు.

హైరైడర్_తిరుచానూరు · సోమవారం రాత్రి 8:45

నేను రోజూ తిరుపతి నుంచి చిత్తూరు కాలేజీకి పోయివస్తాను, రాను పోను 140 కిలోమీటర్లు. నాది ప్లగ్ లేని హైబ్రిడ్, హైరైడర్. కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 27.97 కిలోమీటర్లు. నాకు 85 దాటకుండా నడిపితే 23 దాకా వస్తుంది, ఆలస్యమై 100లో పోయిన రోజు 19కి పడిపోతుంది. అదే బండి, అదే రోడ్డు, అదే నేను. స్పీడు మహత్యం ఇంత అని రోజూ కళ్లతో చూస్తున్నాను.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ప్లగ్-ఇన్ బండ్లకు పేపర్ మీద చూపించే మైలేజ్ నమ్మి కొనకండి. 2024లో యూరోపియన్ కమిషన్ విడుదల చేసిన నివేదికలో, రోడ్డు మీద తిరిగే కార్ల నుంచే తీసుకున్న లెక్కల ప్రకారం, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు టెస్టులో చూపించినదానికి మూడున్నర రెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నాయని తేలింది. టెస్టులో అనుకున్నంత తరచుగా జనం ప్లగ్ పెట్టడం లేదన్నది అందులో ముఖ్యమైన కారణం. ఇంటి దగ్గర రోజూ ప్లగ్ పెట్టే వీలు లేకపోతే, అపార్ట్‌మెంటులో పార్కింగ్ దగ్గర సాకెట్ లేకపోతే, నాలాంటి హైబ్రిడ్డే నయం. చార్జ్ లేని ప్లగ్-ఇన్ అంటే పెద్ద బ్యాటరీ బరువు మోసుకుంటూ తిరిగే పెట్రోల్ బండి.

చంద్రగిరి_బాటసారి · సోమవారం రాత్రి 9:10

నేను మాత్రం రోజూ ప్లగ్ పెడతాను మేడమ్. సొంత ఇల్లు, పోర్టికోలోనే సాకెట్. మీరు చెప్పిన స్పీడు సంగతి మనసుకు పట్టింది. క్యారియర్ రేపు విప్పేస్తాను.

సాకెట్_అంజి · సోమవారం రాత్రి 9:35

అన్నా, నేను ఇళ్లకు వైరింగ్ చేస్తాను. పోర్టికోలో సాకెట్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. అది 16 ఆంపియర్ల పవర్ సాకెట్టేనా? దానికి మీటర్ బోర్డు నుంచి విడిగా వైరు లాగించావా? గీజర్ లైన్‌కో మోటార్ లైన్‌కో కలిపేసి ఉంటే గంటల తరబడి చార్జ్ లాగేటప్పుడు వైరు వేడెక్కుతుంది. నాలుగైదు గంటలు ఆగకుండా లోడ్ లాగే వస్తువు మన ఇళ్లలో ఏసీ తప్ప ఇంకోటి లేదు. ఏసీ కూడా మధ్యమధ్యలో ఆగుతుంది. చార్జర్ ఆగదు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా చార్జర్లు ఎర్ర లైటు చూపించి ఆగిపోతాయి. అప్పుడు ఎర్తింగ్ బాగుచేయించాలి గానీ, దాన్ని దాటించే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో కొని పెట్టొద్దు.

బిల్లు కూడా చూసుకో. మన దగ్గర ఇంటి కనెక్షన్‌కి నెలకు 226 నుంచి 400 యూనిట్ల దాకా యూనిట్ 8.75, 400 దాటితే 9.75. కారు వచ్చాక స్లాబు మారుతుంది. అయినా లెక్క వేస్తే పది యూనిట్లకు 97 రూపాయల 50 పైసలు, 35 కిలోమీటర్లు. కిలోమీటరుకు మూడు రూపాయల లోపే.

అలిపిరి_స్టీరింగ్ · మంగళవారం ఉదయం 10:15

నేను తిరుమల కొండ మీదికి బస్సు నడుపుతాను. 2022 సెప్టెంబరులో కొండకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. డీజిల్ బస్సులో ఎక్కేటప్పుడు చెవులు పగిలే మోత, దిగేటప్పుడు బ్రేకుల వాసన. ఎలక్ట్రిక్ బస్సులో దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, బండి తనంతట తనే పట్టుకుంటుంది, చార్జ్ ఎక్కుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చాలా సంతోషం వేసింది.

మీ కార్ల వాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. తిరుమలకు వచ్చి, మీద గెస్ట్ హౌస్ దగ్గర ఎక్కడో ఫుల్ చార్జ్ పెట్టుకుని దిగొద్దు. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంకెక్కడ పోస్తుంది? పట్టు తగ్గిపోతుంది, పనంతా బ్రేకుల మీద పడుతుంది. దిగే ఘాట్‌లో అన్ని మలుపులు, ఆ పొడవునా బ్రేకులు కాలిపోతాయి. పైగా దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదన్న నిబంధన ఎట్లాగూ ఉంది. నిదానంగా దిగండి, బండి దానంతట అదే నింపుకుంటుంది.

ఎస్వీయూ_మెకానికల్ · మంగళవారం ఉదయం 11:40

స్టీరింగ్ గారు అనుభవం మీద చెప్పినదానికి లెక్క కూడా సరిపోతుంది. అలిపిరి నుంచి తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. 2300 కిలోల బండిని అంత ఎత్తు చేర్చడానికి 4.4 యూనిట్లు. దిగేటప్పుడు టైర్ల రాపిడికి, గాలికి ఒకటిన్నర యూనిట్ పోతుంది. మిగిలిన దాంట్లో మోటారు, బ్యాటరీ నష్టాలు తీసేస్తే రెండు యూనిట్ల దాకా చేతికి వస్తుంది. ఊర్లో అది ఏడెనిమిది కిలోమీటర్లు. అలిపిరి నుంచి ఇంటికి పోవడానికి సరిపోతుంది. కాబట్టి కొండ మీద బ్యాటరీలో కనీసం పావు వంతు ఖాళీ ఉంచుకుని దిగాలి.

మొగిలి ఘాట్‌కీ ఇదే సూత్రం. బెంగళూరు నుంచి వచ్చేటప్పుడు అక్క ఇంటి దగ్గర ఫుల్ చార్జ్‌తో బయల్దేరి, హోల్డ్ పెట్టకుండా కేఆర్ పురం, హోస్కోటె ట్రాఫిక్‌లోనే చార్జ్ వాడేయాలి. పలమనేరుకి వచ్చేసరికి బ్యాటరీలో చోటు ఉంటుంది, ఘాట్‌లో పుట్టిన కరెంటు వృథా కాదు. పోయేటప్పుడు దాచుకోవాలి, వచ్చేటప్పుడు ముందే ఖర్చు పెట్టాలి. రెండు వైపులా చార్జ్ బెంగళూరు ట్రాఫిక్‌కే పోతుందన్న మాట.

కాణిపాకం_రోడ్ · మంగళవారం మధ్యాహ్నం 1:00

ఏసీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మే నెలలో తిరుపతి ఎండలో నిలబెట్టిన కారు లోపల చల్లబడటానికి మొదటి పావుగంట ఏసీ బాగా లాగుతుంది. ప్లగ్ పెట్టి ఉండగానే ఫోన్‌లోని యాప్ నుంచి ఏసీ ఆన్ చేసి, పది నిమిషాల తర్వాత ప్లగ్ తీసి బయల్దేరితే ఆ కరెంటు గోడ నుంచి వస్తుంది, బ్యాటరీ నుంచి కాదు. మా అన్న బండిలో ఇదే చేస్తాము. ఒక చార్జ్‌కి రెండు మూడు కిలోమీటర్లు మిగులుతుంది.

గాలి విషయం: మధ్యాహ్నం చూపిస్తే టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది. సరిపోయిందిలే అనుకుంటాం, తెల్లవారి చల్లబడ్డాక తక్కువ ఉంటుంది. పొద్దున్నే, బండి కదలక ముందు చూపించాలి.

చంద్రగిరి_బాటసారి · ఆదివారం రాత్రి 8:20

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. నిన్న మళ్లీ బెంగళూరు పోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

క్యారియర్ విప్పేశాను. శనివారం తెల్లవారి గాలి చూపిస్తే నాలుగు టైర్లలోనూ 4 నుంచి 5 పిఎస్ఐ తక్కువ ఉంది. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టించాను. చంద్రగిరి ఊరు దాటాక హోల్డ్ నొక్కాను. అప్పటికి బ్యాటరీ 94 శాతం. హైవేలో 85, 90 మధ్య. బంగారుపాళ్యం దాటి మొగిలి ఎక్కేటప్పుడు హోల్డ్‌లో ఉన్నా ఇంజన్, మోటారు కలిసి లాగాయి, పోయినసారి మోత లేదు. పైకి చేరేసరికి బ్యాటరీ 88కి తగ్గి, పలమనేరు దాటాక మళ్లీ 93కి వచ్చింది. ముళబాగిలు దగ్గర టమాటా లారీల వెనక పదిహేను నిమిషాలు పోయాను. పోయినసారి అయితే వాటిని దాటడానికి తొక్కేవాణ్ణి, ఈసారి అట్లనే వెనక పోయాను.

హోస్కోటె టోల్ దాటాక హోల్డ్ తీసేశాను. అక్కడి నుంచి ఇంటి దాకా 27 కిలోమీటర్లు, గంటా ఇరవై నిమిషాలు. ఆ గంటా ఇరవై నిమిషాల్లో ఇంజన్ ఒక్కసారి కూడా స్టార్ట్ కాలేదు. అక్కావాళ్ల గేటు దగ్గర బ్యాటరీ 11 శాతం. పోయినసారి నింపిన బంకులోనే నింపాను: 16.5 లీటర్లు. లీటరుకు 14.5. మూడున్నర లీటర్లు మిగిలింది. ప్రయాణం ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే.

డాలస్_చిత్తూరోడు · ఆదివారం రాత్రి 9:30

చాలా సంతోషం అన్నా. కానీ ఒకటి అడగాలి. ఒకేసారి నాలుగు మార్చావు: క్యారియర్, గాలి, స్పీడు, హోల్డ్. మూడున్నర లీటర్లలో హోల్డ్ వాటా ఎంత? ఇది చదివి ఎవరైనా 110లో పోతూ హోల్డ్ ఒక్కటే నొక్కితే 14.5 వస్తుందని అనుకోకూడదు.

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం ఉదయం 6:40

సరైన ప్రశ్న. నా అంచనా ప్రకారం హోల్డ్ వల్ల మిగిలింది లీటరు, లీటరుంబావు. మిగతాదంతా స్పీడు, క్యారియర్, గాలి. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80లో ఉన్న గాలి అడ్డు 100లో ఒకటిన్నర రెట్లు దాటుతుంది. క్యారియర్ ఉంటే దాని మీద ఇంకొంత. కాబట్టి ఎవరైనా ఒక్కటే పని చేస్తామంటే ముందు స్పీడు తగ్గించుకోమనే చెబుతాను. హోల్డ్ దాని తర్వాతే.

అయినా లీటరు తక్కువేమీ కాదు. నెలకు రెండు ట్రిప్పులు, రాను పోను నాలుగు ప్రయాణాలు. ఏడాదికి 48. లెక్క నువ్వే వేసుకో.

హైరైడర్_తిరుచానూరు · సోమవారం ఉదయం 8:00

పెట్రోల్ గురించి కూడా ఒక మాట చేర్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్‌లో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. కలిపాక లీటరు మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పాత రివ్యూల్లో చెప్పిన మైలేజ్ రాలేదని బండిని తప్పు పట్టనవసరం లేదు.

బాటసారి గారు వారాల తరబడి బంకుకు పోనన్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. ఊర్లో కరెంటు మీదే తిరిగేటప్పుడు ట్యాంక్ నిండా పోసి నెలల పాటు ఉంచకండి. సగం ఉంచుకుని, ట్రిప్‌కి ముందు నింపుకోవడం మంచిది. మీరు నెలకు రెండుసార్లు బెంగళూరు పోతున్నారు కాబట్టి మీకు సమస్య లేదు. పోని నెలల్లో అప్పుడప్పుడు ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా ఒక ఇరవై ముప్పై కిలోమీటర్లు నడపండి. రెండు కిలోమీటర్లకు స్టార్ట్ చేసి ఆపేయడం చల్లటి ఇంజన్‌కి మంచిది కాదు, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.

రాజంపేట_రోడ్డు · సోమవారం మధ్యాహ్నం 2:20

ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మాది కడప దారి. తిరుపతి నుంచి రేణిగుంట, కోడూరు, రాజంపేట మీదుగా కడప. పెద్ద ఘాట్ లేదు, పెద్ద ట్రాఫిక్ కూడా లేదు. నాకు హోల్డ్ వల్ల లాభం ఉంటుందా?

ఎస్వీయూ_మెకానికల్ · సోమవారం మధ్యాహ్నం 3:05

తక్కువే. నీ దారిలో ఇంజన్ ఇబ్బంది పడే చోట్లు తిరుపతి ఊరు, రేణిగుంట దాకా ఉండే రద్దీ, కడప ఊరు. బయల్దేరినప్పటి నుంచి రేణిగుంట దాకా కరెంటు మీద పోయి, సగం చార్జ్ కడప ఊరికి ఉంచుకో. మధ్యలో కోడూరు, రాజంపేట బజార్లలో హోల్డ్ తీసినా, తీయకున్నా పెద్ద తేడా రాదు. చల్లటి ఇంజన్‌ని ఐదు నిమిషాలకు ఒకసారి ఆన్ ఆఫ్ చేయించకు, అదే చాలు. కడపలో చార్జ్ పెట్టుకునే చోటు ఉంటే అంతా వాడేసి చేరుకో.

చంద్రగిరి_బాటసారి · మంగళవారం రాత్రి 10:10

తిరుగు ప్రయాణం కూడా అయింది. అక్కావాళ్ల అపార్ట్‌మెంటులో సబ్ మీటర్ పెట్టి, యూనిట్ లెక్కన డబ్బు ఇస్తానంటే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకున్నారు. ఫుల్ చార్జ్‌తో బయల్దేరి, సార్ చెప్పినట్టు హోల్డ్ లేకుండా హోస్కోటె దాటేసరికి 20 శాతానికి తెచ్చాను. మొగిలి దిగేటప్పుడు పలమనేరు_ట్రాన్స్‌పోర్ట్ అన్న మాట గుర్తుంచుకుని గేర్ బి లో (కాలు తీస్తే మోటారే బండిని గట్టిగా పట్టుకుని చార్జ్ ఎక్కించే గేర్) వేసుకుని నిదానంగా దిగాను. బ్రేక్ మీద కాలు పెద్దగా పెట్టలేదు. కింద బంగారుపాళ్యం దగ్గర చూస్తే బ్యాటరీ 31 శాతం. ఆ కరెంటుని చిత్తూరు ఊరి దగ్గర, చంద్రగిరి నుంచి ఇంటి దాకా వాడాను. పెట్రోల్ 13.8 లీటర్లు.

ఈసారి అమ్మ కూడా మాతో వచ్చింది. రెండు నెలలు మా ఇంట్లో ఉంటానంది. కారులో ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలిస్తే ముందే వచ్చేదాన్ని కదరా అంది. మోకాళ్ల నొప్పి వల్ల ముందు సీటు వెనక్కి జరిపి కూర్చుంది, సంచులన్నీ డిక్కీలో పెట్టాం. వచ్చే నెల ఆమెను, పిల్లల్ని తీసుకుని మొత్తం ఆరుగురం పోవాలి. అంత బరువుకు గాలి ఎంత పెట్టించాలి సార్?

ఎస్వీయూ_మెకానికల్ · బుధవారం ఉదయం 6:05

అమ్మగారు వచ్చినందుకు చాలా సంతోషం నాయనా. డోర్ స్టిక్కర్ మీద రెండు వరుసలు ఉంటాయి చూడు. ఒకటి ఇద్దరు ముగ్గురికి, రెండోది నిండు బరువుకి. రెండో వరుసలో ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత అని విడివిడిగా ఉంటుంది. మామూలుగా వెనక వాటికి ఎక్కువ ఉంటుంది. తెల్లవారి, బండి చల్లగా ఉన్నప్పుడు అంతే పెట్టించు. తిరిగి వచ్చాక మళ్లీ మొదటి వరుసకు దించేయ్. ఆరుగురితో పోయేటప్పుడు మైలేజ్ ఒకటి తగ్గినా పట్టించుకోకు, మొగిలి దగ్గర కాసేపు ఆగి అమ్మగారికి మోకాళ్లు చాచుకునే వీలు ఇవ్వు.